ఒకటిన్నర చెట్టు

మత్మాతా కొండల్లో నా ఆస్తి ఎంతంటే
ఒకటిన్నర ఆలివ్ చెట్టు.
నవ్వకండి. కాగితం ఉంది, ముద్ర ఉంది.
ఒకటి పూర్తిగా నాది.
రెండోదానిలో తూర్పు కొమ్మలు నావి,
పడమటివి మా చిన్నాన్న కొడుకు ధావ్‌వి.
మొదలు ఎవరిదో కాగితంలో లేదు,
అడిగినవాళ్ళూ లేరు.

ఇక్కడ వాన చుట్టం కాదు, అప్పులవాడు.
ఎప్పుడొస్తాడో చెప్పడు,
వస్తే తలుపు విరగ్గొట్టుకునే వస్తాడు.
అందుకే మావాళ్ళు వాగుకు అడ్డంగా
రాయి మీద రాయి పేర్చి, సందుల్లో మన్ను కూరి
కట్ట కట్టారు. జెస్ర్ అంటాం దాన్ని.
కొండ ఒళ్ళు కడుక్కున్న మట్టంతా దాని వెనక నిలిచి
నేలైంది. ఆ నేలే చెట్టుకు కుండ.
ఏడాదికి మూడు వానలు. రెండైనా సర్దుకుంటుంది.
మూడోదాని గురించి గట్టిగా మాట్లాడుకోం,
దిష్టి తగుల్తుందని.

పట్నం నుంచి చదువుకునే పిల్లలొచ్చి
చెట్టుకు ఎన్ని లీటర్లు పోస్తావని అడిగారు.
నేను పొయ్యను, కట్ట పోస్తుందన్నాను.
ఒకమ్మాయి రాసుకుంది. మిగతావాళ్ళు నీడకు పోయారు.

షెహిలి గాలి కొట్టే వారంలో
రాయి కూడా ముట్టుకోనివ్వదు.
చెట్టు మాత్రం ఆకు తిరగేసి
వెండి వైపు ఎండకు చూపించి ఊరుకుంటుంది.
కాయ చిన్నది, షెమ్లాలి రకం,
మేకపెంటిక కన్నా కాస్త పెద్దది.
ఒక ఏడు విరగకాస్తుంది,
మరుసటేడు నన్నెరగనట్టే నిలబడుతుంది.
వేళ్ళకు పొట్టేలు కొమ్ములు తొడుక్కుని
చిక్కు తీసినట్టు కొమ్మల్ని దువ్వుతాను.
పరిచిన తోలు మీద కాయలు రాలే చప్పుడుకు
ఇప్పటికీ తలెత్తి ఆకాశం చూస్తాను.

ధావ్ మైదానంలోకి దిగి బోరు వేశాడు.
తాడు పట్టినట్టు వరసలు,
చెట్టును చెట్టు రాసుకునేంత దగ్గర,
ప్రతి మొదట్లో నల్ల గొట్టం, బొట్టు బొట్టు.
మూడో ఏటికే లారీ నిండింది.
కొత్త ఎర్రటోపీ పెట్టుకుని గానుగకు వచ్చాడు.
నాకు కన్ను కుట్టలేదంటే అబద్ధం.
ఎనిమిదో ఏట నీళ్ళు ఉప్పగా వచ్చాయి.
ఆకుల అంచులు మాడాయి.
ఇంకా లోతుకు దింపాడు.
ఇంకా ఉప్పు.

ఆ చలికాలమే అప్పులవాడు వచ్చాడు.
ఒక్క రాత్రిలో మా కట్ట నడుం విరిచి
రెండు బారల నేల పట్టుకుపోయాడు.
ఉమ్మడి చెట్టు వేళ్ళు బయటపడ్డాయి.
తూర్పువా పడమటివా అని చూశాను, దాచను.
పడమటివే.
అయినా పార అందుకున్నాను.

మూడో రోజు గాడిద మీద రాళ్ళేసుకుని ధావ్ వచ్చాడు.
"మహ్బూబా, పార ఇటివ్వు."
నాలుగేళ్ళకు మా మధ్య అదే మొదటి మాట.
పదకొండు రోజులు కట్టాం.
మాటలు తక్కువ, మన్ను ఎక్కువ.

అంతా అయ్యాక అలుగు దగ్గర పేచీ వచ్చింది.
అలుగు మోకాలెత్తు ఉండాలని మా నాన్న లెక్క.
నాన్న పొట్టివాడు.
ధావ్ ఒక రాయి అదనంగా పెట్టాడు.
"జానెడు నీళ్ళు మనకే మిగుల్తాయి" అన్నాడు
బోరు చెడినవాడి గొంతుతో.
జానెడే.
కానీ మా అలుగు దాటిందే
కింది కట్ట తర్కియాకు వాన.
ఆమెకు ఐదు చెట్లు, ఒక అంజూరం, గుప్పెడు బార్లీ.

ఏమీ అనలేదు. రాత్రి వెళ్ళి రాయి తీసేశాను.
పొద్దున అతను పెట్టాడు.
రాత్రి మళ్ళీ తీసి, ఈసారి ఇంటికి మోసుకొచ్చాను.
మూడో పొద్దున రాయి కనబడక
చాలాసేపు అలుగు మీద నిలబడి
దిగువన బార్లీ వైపు చూశాడు.
తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని
రొట్టె తుంచి నూనెలో ముంచాడు.
"ఇది ఎవరి సగంలోది?"
"తిను" అన్నాను.

ఆ రాయి ఇప్పుడు నా గుమ్మం పక్కనుంది.
పచ్చికాయను దాని మీద పెట్టి చితక్కొడతాను,
ఉప్పునీళ్ళలో వేసే ముందు.
చేదు దిగడానికి నలభై రోజులు పడుతుంది.
రాయి నూనె తాగి నల్లబడింది.
వాన ఇంకా రాలేదు.